నాయన చేతిలో చెప్పులు

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి చదువుతూ మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. బాగా రాస్తావు, అది నీకూ తెలిసే ఉంటుంది.

ముందు కోపం సంగతి. కథలో పాప పరిగెత్తేది 800 మీటర్లు. బ్లాకుల మీద, అంటే పరుగు మొదట్లో కాళ్లు తన్నిపెట్టే దిమ్మెల మీద, కాళ్లు ఆనించి కూర్చుంది, స్టార్టర్ 'సెట్' అన్నాడు, నడుము లేపింది, పిస్టల్ పేలింది అని రాశావు. 800కి బ్లాకులుండవు. అవి 400 మీటర్ల దాకానే. 800 నిలబడే మొదలుపెడతారు, 'సెట్' అనే మాటే ఉండదు, 'ఆన్ యువర్ మార్క్స్' తర్వాత నేరుగా పిస్టలే. ఇంకా, పాప రెండు చుట్లూ నాలుగో లేన్‌లోనే పరిగెత్తిందన్నావు. నాలుగో లేన్‌లో ఒక చుట్టు తిరిగితే 422 మీటర్లవుతుంది, అంత చుట్టూ తిరిగి ఎవరు పోతారు? మొదటి మలుపు దాటగానే అందరూ లోపలి లేన్‌కి దూరతారు, మోచేతులు తగిలేది అక్కడే, ముందున్న పిల్ల స్పైకులు, అదే మేకుల బూట్లు, వెనక పిల్ల కాలికి గీరుకునేదీ అక్కడే. ఆఖరి చుట్టుకు గంట కొడతారు. నీ కథలో ఆ గంటే లేదు.

ఇవన్నీ దిద్దుకోమని నాలుగు ముక్కలు రాసి ఊరుకునేవాణ్ణి. కానీ ఆ మూడో పేజీ ఉంది కదా. 'ఫెన్సింగ్ బయట నాయన పాప చెప్పులు పట్టుకుని నిలబడినాడు' అని ఒక్క వాక్యం రాసి నువ్వు ట్రాక్ మీదికి పరిగెత్తావు. స్పైకులు వేసుకోబోతూ పాప విడిచిన హవాయి చెప్పులు. పట్టుకోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పందెం అయిపోయినా అవి ఆయన చేతిలోనే ఉన్నాయని ఇంకో చోట నీకు తెలియకుండానే రాసేశావు, పాపను ఎత్తుకోబోతే చెప్పులు అడ్డం వచ్చాయని. ఇది ఊహించి రాసేది కాదు తమ్ముడూ. అప్పుడు అర్థమైంది నాకు, బ్లాకులు ఎందుకు తప్పాయో, గంట ఎందుకు వినపడలేదో. ఆ రెండు నిమిషాలూ నువ్వు ట్రాక్ వైపు చూడనే లేదు. మీ నాయన వైపు చూస్తున్నావు.

మరి అదే రాయొచ్చు కదా! నీ కళ్లు ఎక్కడుంటే కథ అక్కడుండాలి. నలభై ఏళ్లుగా నేను పట్టుకు వేలాడుతున్న మాట ఇదొక్కటే, నన్ను మొండివాడన్నా సరే దీన్ని వదలను. చూసింది ఒక వాక్యంలో కట్టేసి, చూడనిది ఆరు పేజీలు రాస్తే ఆ ఆరు పేజీలూ ఎక్కడివి? సినిమాల్లోవి. ఆఖరి యాభై మీటర్లలో వెనక నుంచి వచ్చి అందరినీ దాటేసి ఫస్ట్ రావడం కూడా అక్కడిదే. నిజం చెప్పు, పాపకు ఎన్నో స్థానం వచ్చింది?

ఈ కొసమెరుపు జబ్బు ఎవరు అంటించారో నాకు తెలుసు. కథల పోటీలు పెట్టి, ఆఖరి లైన్‌లో చప్పట్లు కొట్టించిన కథకే బహుమతి ఇచ్చి, రెండు తరాల పిల్లల్ని పాడుచేశారు.

నా సంగతి చెప్తాను. 1986, సియోల్ ఆసియా క్రీడల్లో పి.టి. ఉష నాలుగు బంగారు పతకాలు తెచ్చిన ఏడాది. అంతకు రెండేళ్ల ముందు లాస్ ఏంజెలెస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో ఆమెకు కాంస్యం తప్పిపోయినప్పుడు మా ఇంట్లో ఏడ్చినవాళ్లున్నారు, ఇక నాలుగు బంగారాలంటే మా చెల్లెలు ఆగుతుందా? ఆ చలికాలం అనంతపురంలో స్కూళ్ల ఆటల పోటీలు. గ్రౌండ్ అంటే ఎర్రమన్ను మీద సున్నంతో గీసిన గీతలు, అంతే. మా పల్లె నుంచి అమ్మా, చెల్లీ, నేనూ తెల్లారి బస్సెక్కి వచ్చాము. పందెం పిలిచే లోపల గ్లూకోజ్ పొట్లం తెమ్మని అమ్మ నన్ను పంపించింది. దగ్గర్లో అంగడి మూసి ఉంది, ఇంకో వీధికి పోయి, చిల్లర కోసం నిలబడి, పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పందెం అయిపోయింది. చెల్లి నేల మీద కాలు చాపుకుని కూర్చుంది. ఒట్టికాళ్లతో పరిగెత్తింది కదా, అరికాల్లో గాజుపెంకు దిగింది. అమ్మ తన గాజులకున్న పిన్నీసు తీసి, దాని మొన నోట్లో తడిపి, పెంకు పక్కన చర్మం మెల్లగా లేపుతా ఉంది. చెల్లి ఏడవలేదు. నా చేతిలో పొట్లం లాక్కుని, పళ్లతో చింపి, గ్లూకోజ్ అరచేతిలో పోసుకుని నాకుతా ఉంది, చూపు మాత్రం ట్రాక్ మీదే. ఎన్నో స్థానమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నేను రాసిన మొదటి కథ ఆ రోజు గురించే. అందులో ఏం రాశానో తెలుసా? పందెం. నేను చూడని పందెం, ఊపిరాడకుండా నాలుగు పేజీలు. పిన్నీసు లేదు, గ్లూకోజ్ లేదు. ఒక వారపత్రికకు పంపిస్తే ఎడిటరు దగ్గర నుంచి కార్డు వచ్చింది, అనంతపురం నుంచి రాసిన కథలో కరువు లేకపోతే ఎట్లా అని. సరేనని ఎండిన చేను ఒకటి చేర్చి పంపాను. అచ్చయింది, అందులోనూ నా 'చెనక్కాయల'ను 'వేరుశనగ' చేసి, 'నాయన'ను 'నాన్నగారు' చేసి. చెల్లెలు చదివి ఒకే మాట అడిగింది, 'అన్నా, నువ్వు ఆ రోజు లేవు కదా, అంగడికి పోయింటివి కదా' అని. ముప్పై ఎనిమిది కథలు రాశాను ఆ తర్వాత. ఆ పిన్నీసు కథ మాత్రం మళ్లీ రాయలేకపోయాను, ఒకసారి చెడిపోయింది చెడిపోయినట్టే ఉండిపోయింది.

అందుకే నీ కథలో ప్రయాణం ముక్క చూసి నాకు ఒళ్లు మండింది. బండి నల్లమల ఘాట్ ఎక్కుతా ఉంటే మధ్యలో మీ నాయనను తీసుకుపోయి ఎండిన బోరు పక్కన నిలబెట్టి ఆకాశం వైపు చూపించావు. నీకు ఎవరు రాశారు కార్డు? కరువు లేదని నేననను, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. కానీ ఆ కరువు నీ బండిలోనే ఉంది. దారిలో హోటల్ ఖర్చు కాకుండా మీ జేజి, మీ అవ్వ, ఇంట్లో చేసి మూట కట్టుకొచ్చిన చిత్రాన్నం ఉంది చూడు, అందులో ఉంది. తుఫాన్ జీపు బాడుగ ఇంటికొచ్చినాక ఇస్తానని మీ నాయన డ్రైవర్‌తో అన్నాడే, అందులో ఉంది. ఇక బోరెందుకు?

ఇంకో మాట. తాడిపత్రి నుంచి గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ గ్రౌండ్ దాకా ఆ ఘాట్ ముక్క తప్ప మీ ప్రయాణం మొత్తం 'ఎనిమిది గంటల తర్వాత చేరుకున్నాము' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. బనగానపల్లె, గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట, ఇన్ని ఊళ్లు దాటారు కదా! కంభం చెరువు చూసి మీ జేజి ఏమనింది? అంత నీళ్లు ఒక్కచోట చూసిన అనంతపురం ముసలామె ఏమీ అనకుండా ఉంటుందా? పాప నిద్రపోయిందా, లేక స్పైకుల సంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నటించిందా? పరీక్షకు పోయే పిల్లలకూ పందేనికి పోయే పిల్లలకూ టెన్షన్ ఒకటే, ముందు రాత్రి నిద్ర పట్టదు. మీ అమ్మ ఎన్నిసార్లు నీళ్లు తాగమని అనింటుంది, పాప ఎన్నిసార్లు విసుక్కునింటుంది? ఆ బండిలో ఐదుగురు ఎనిమిది గంటలు ఉన్నారు. నాకు ఆ ఎనిమిది గంటలు కావాలి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, సీమ మాట ఎంతవరకు పెట్టొచ్చని అడిగావు, ఇంకా ఏదో పుస్తకం వేసుకోవడం గురించి కూడా. కథ ముందు తేలనీ.

తిరగరాసేటప్పుడు పందెం మొత్తం తీసేయి, పిస్టల్ చప్పుడు, గంట చప్పుడు మాత్రం వినపడనీ, నువ్వు నిజంగా వినుంటే. లేకపోతే అవీ వద్దు. మీ చెల్లెల్ని, అదే పాపను, కూర్చోబెట్టి అడుగు, మొదటి మలుపు దగ్గర ఏమయిందో ఆమే చెప్తుంది, అది కథలో పెట్టకపోయినా నువ్వు తెలుసుకోవాలి.

నాకు మాత్రం ఒకటి తొందరగా రాయి. మీ నాయన ఆ చెప్పులు రెండూ ఒక చేతిలోనే పట్టుకున్నాడా, చేతికొకటి పట్టుకున్నాడా? పాప ఫెన్సింగ్ దగ్గరికి వచ్చినప్పుడు చేతికి ఇచ్చాడా, వంగి కాళ్ల దగ్గర పెట్టాడా?

మీ అన్న,
అనంతపురం