ముందు టెస్టు, ఆ తర్వాతే చపాతీ మానడం

మీకు నాలుగేళ్ళుగా ఒళ్ళు నొప్పులు, నీరసం, కీళ్ళవాతం పరీక్షలన్నీ నెగటివ్, హిమోగ్లోబిన్ మాత్రం తొమ్మిది దాటదు, "ఇదంతా నా మనసు పుట్టించిందేనా" అని అడిగారు. కాదండీ. నన్నూ తొమ్మిదేళ్ళపాటు అలాగే అన్నారు. చివరికి తేలింది సీలియాక్. గోధుమల్లోని గ్లూటెన్ పడక చిన్నపేగు లోపలి పొర దెబ్బతినిపోయే జబ్బు. మీకూ అదేనని చెప్పను గానీ, మీరు రాసింది చదువుతుంటే నా పాత ఫైలు తిరగేస్తున్నట్టే ఉంది.

మా పుట్టింట్లో అందరికీ షుగరు. ముందుజాగ్రత్త అనుకుని ముప్పై దాటగానే రాత్రి అన్నం మానేసి చపాతీలకి మళ్ళాను. తర్వాత పొద్దున టిఫిన్ కూడా గోధుమరవ్వ ఉప్మా అయింది. ముందు కాళ్ళ ఎముకలు లాగడం, తర్వాత నడుం, పది రోజులకోసారి నోటిపూత. బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నానికి కళ్ళు తిరిగేవి. విరేచనాలు లేవు, కడుపునొప్పి లేదు, మనిషిని పుష్టిగానే ఉన్నాను. అందుకే పొట్ట సంగతి ఎవరికీ తట్టలేదు. నొప్పులకి ఎముకల డాక్టరు, నోటికి బీకాంప్లెక్స్, నీరసానికి ఐరన్, దిగులుకి ఇంకో డాక్టరు. ఒకాయనైతే "ఇంట్లో అత్తగారితో ఏమైనా ఇబ్బందులా అమ్మా" అని అడిగారు. మా అత్తగారు పక్క కుర్చీలోనే ఉన్నారు పాపం.

దొరికిందెలాగంటే, వైజాగ్‌లో ఒక కుర్ర గ్యాస్ట్రో డాక్టరు ఫైలంతా ఓపిగ్గా చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఆరేళ్ళుగా ఐరన్ మింగుతున్నారు, నెలసరి మామూలే అంటున్నారు, మరి ఆ ఐరనంతా ఎక్కడికి పోతోంది?" తొమ్మిదేళ్ళలో అంతమంది చూశారు, ఒక్కరూ అడగని ప్రశ్న అది. ఎంత పోసినా కుండ నిండకపోతే అడుగున చిల్లి ఉందేమోనని మా పనమ్మాయి కూడా చూస్తుంది కదా! ఈ జబ్బుంటే రక్తంలో పుట్టే యాంటీబాడీలని కొలిచే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష రాశాడు.

అక్కడ నేను తెలివితక్కువ పని చేశాను. ఆ రాత్రి ఫోన్లో చదివేసి, తెల్లారేసరికి గోధుమలు బంద్. ఇయరెండింగ్ పనులు, ఆపైన ట్రాన్స్‌ఫర్, పరీక్ష వాయిదా పడిపోయింది. నాలుగు నెలల తర్వాత ఒళ్ళు తేలికపడి హుషారుగా వెళ్ళి రక్తం ఇచ్చాను. నెగటివ్! డాక్టరు తల పట్టుకున్నాడు. గోధుమలు మానేస్తే ఆ యాంటీబాడీలు తగ్గిపోతాయట, పేగు కూడా కొంత మానుతుందట, ఇక పరీక్షలో ఏం దొరుకుతుంది? "మళ్ళీ ఆరు వారాలు తినండి, రోజుకి రెండు చపాతీలైనా పడాలి" అన్నాడు.

ఆ ఆరు వారాలు నేను బతికుండగా మర్చిపోను. పొద్దున్నే మా ఆయనే పుల్కాలు కాల్చేవారు, నేను పెనం దగ్గర నిలబడలేక. నెయ్యి రాసి, ప్లేటు ముందు పెట్టి "తిను, విషం" అని నవ్వేవారు. నాలుగో రోజుకి నోరు పూసింది. రెండో వారానికి మోకాళ్ళ కింద ఎముకల్ని ఎవరో లోపల్నుంచి పిండుతున్నట్టు ఉండేది. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు ఎప్పుడూ రిపేరే, రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయేదాన్ని. మూడో వారం నుంచి మా ఆయన నవ్వడం మానేశారు. పుల్కా పెట్టి, పక్కగదిలోకి వెళ్ళి క్యాలెండర్ మీద ఒక రోజు కొట్టేసి వచ్చేవారు. నలభై రెండో రోజున రక్తం ఇస్తే పరిమితికి నాలుగు రెట్లు పైన వచ్చింది. ఆ కాగితం చూసి ఏడ్చాను, సంతోషంతోనే. ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి పరీక్షకి పంపారు. "లోపలి పొర టర్కీ టవల్‌లా పోగులు పోగులుగా ఉండాలమ్మా, మీది ఉతికి ఉతికి నున్నబడిన గుడ్డలా ఉంది, ఇంక ఐరనూ కాల్షియమూ ఏం పట్టుకుంటుంది" అన్నాడు డాక్టరు.

అందుకే మీకు చెప్పేది, దయచేసి ముందే గోధుమలు మానకండి. టీటీజీ ఐజీఏతోపాటు టోటల్ ఐజీఏ కూడా అడిగి చేయించుకోండి. ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ, కొందరికి అది పుట్టుకతోనే తక్కువ ఉంటుంది, వాళ్ళకి జబ్బున్నా మొదటిది నెగటివ్ రావచ్చు.

"అది పంజాబీల జబ్బు, మనకి రాదు" అంటారు, నాతో డాక్టర్లే అన్నారు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ జబ్బు యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో, దక్షిణాదిలో వెయ్యికి ఒకరిలో కనిపించిన మాట నిజమే. కానీ అదే అధ్యయనంలో జబ్బుకి దారితీసే జన్యువులు రెండు చోట్లా ఇంచుమించు సమానం! తేడా కంచంలో ఉంది. వాళ్ళు రోజుకి 455 గ్రాముల గోధుమలు తింటుంటే మనవాళ్ళు 25 గ్రాములు. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఎవరు 25 గ్రాముల దగ్గర ఆగారు? షుగరొస్తే చపాతీ, లావైతే చపాతీ, జ్వరమొస్తే బ్రెడ్డు. అన్నం తినేవాడంటే బద్ధకస్తుడన్నట్టు చూస్తారు. ఇంకో పదేళ్ళలో ఈ జబ్బు మన దగ్గర వీధికొకరికి బయటపడుతుందని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే.

మా ఆడపడుచు భర్త దీన్ని "ఇన్‌స్టాగ్రామ్ జబ్బు" అంటాడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలం, హాలండ్‌లో రొట్టె దొరక్క జనం అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. విల్లెం డిక్ అనే పిల్లల డాక్టరు గోధుమల మీద తన అనుమానం నిజమేనని అప్పుడు గట్టిపరుచుకుని, 1950లో థీసిస్ సమర్పించాడు. ఇన్‌స్టాగ్రామ్ అప్పుడుందా బాబూ అని అడిగాను. అయినా అతన్ని అనడానికేం లేదు, నాలుగు కిలోలు తగ్గడానికి గ్లూటెన్ ఫ్రీ అంటూ తిరిగేవాళ్ళ వల్ల మా గోడు కూడా వేషంలాగే కనిపిస్తోంది.

మానడం మనకి పెద్ద కష్టం కాదు. ఇడ్లీ, పెసరట్టు, అన్నం, రాగిసంకటి అన్నీ మనవే. కష్టమంతా కనపడని చోట. మూడు నెలలు కచ్చితంగా ఉన్నా నా టీటీజీ దిగలేదు. ఒక రోజు ఇంగువ డబ్బా తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమపిండి! రోజూ చారులో వేస్తున్నదే. జొన్నపిండి కూడా అంతే, మరలో మనకి ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు. ఇప్పుడు మిక్సీలో ఇంట్లోనే పట్టుకుంటున్నాను. అన్నవరం ప్రసాదం మాత్రం బాధే, అది గోధుమరవ్వ. అడ్డాకు విప్పి కళ్ళకద్దుకుని మా అత్తగారి చేతిలో పెట్టేస్తాను. మొదట్లో "స్వామి ప్రసాదం ఏం చేస్తుందే" అనేవారు, ఆ ఆరు వారాలు కళ్ళారా చూశాక ఆవిడే నా వాటా కూడా తినేస్తున్నారు.

నా హిమోగ్లోబిన్ ఇప్పుడు 12.1, మాత్రల్లేకుండా. మెట్లు ఎక్కుతున్నాను. లిఫ్టు ఇంకా బాగవలేదు.