ఎనిమిది కళ్లు పెట్టినా నమ్మబుద్ధి కావట్లేదు!

ప్రశ్న: సొంతంగా ఒక వీడియో గేమ్ చేస్తున్నానండీ. వేరే గ్రహం సముద్రంలో బతికే జంతువుల్ని గీయాలి. ఎనిమిది కళ్లు, కొమ్ములు, కోరలు ఎన్ని తగిలించినా రబ్బరు బొమ్మలాగే ఉంటోంది. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: ఆ తగిలించడంలోనే. అది ఏం తింటుంది, ఎంత లోతులో ఉంటుంది అన్నది తేలకముందే కొమ్ములు పెడితే అవి పందిరికి కట్టిన తోరణాల్లా మిగులుతాయి. మన సముద్రాల్లోనే 200 మీటర్లు దాటితే వెలుతురు బాగా పడిపోతుంది, ఎరుపు రంగైతే అంతకు చాలా ముందే మాయమవుతుంది, అందుకే లోతుల్లో ఎర్రటి రొయ్య నల్లగా, అంటే దాదాపు కనపడకుండా ఉంటుంది. బారెల్‌ఐ అనే చేపని చూడండి: తల పైభాగం గాజులా పారదర్శకం, లోపల గొట్టాల్లాంటి పచ్చటి కళ్లు, పైన కదిలే ఆహారం నీడని పట్టుకోవడానికి. (మనం గీస్తే అతి అనేవాళ్లు!)

ఇక ఈత. చేప తోక పక్కలకి ఆడుతుంది, తిమింగలం తోక పైకీ కిందికీ. మీ జంతువుది ఏ పద్ధతో ముందు తేల్చుకుంటే వెన్ను, కండలు దాన్నిబట్టే వస్తాయి, యానిమేషన్‌లో టెన్షన్ కూడా తగ్గుతుంది. ఈ ఆదివారం చేపల మార్కెట్‌కి వెళ్లి ఒక చేప మొప్ప ఎత్తి చూసి గీయండి. కళ్లు ప్రస్తుతానికి రెండు చాలు.