డాక్టర్ సలహా: ద్రాక్షపండు గొంతులో అడ్డుపడింది.. ఇక అన్నీ మిక్సీ పట్టాల్సిందేనా?

ప్రశ్న: మా బాబుకు 15 నెలలు. ముందు పళ్లు ఎనిమిది వచ్చాయి. మొన్న ద్రాక్షపండు తింటూ ముఖమంతా ఎర్రబడేలా దగ్గి, డోకి, చివరికి ఉమ్మేశాడు. అప్పట్నుంచి భయమేసి అన్నీ మిక్సీలో మెత్తగా చేసి పెడుతున్నాను. మా పాపకు 5 ఏళ్లు. తను తినే పల్లీలు, పాప్‌కార్న్ తమ్ముడికీ పెట్టబోతుంది. వాడికి ఏవి, ఎలా పెట్టాలి? నిజంగా ఊపిరాడకపోతే ఏం చేయాలి?

జవాబు: చప్పుడు చేస్తూ దగ్గాడంటే గాలి ఆడుతోందనే అర్థం. పిల్లవాడు దగ్గలేక, ఏడవలేక, నోరు తెరిచి నిశ్శబ్దంగా చూస్తుంటే, పెదాలు నీలంగా మారుతుంటే అప్పుడు కంగారు పడాలి.

మిక్సీ మాత్రం పక్కన పెట్టేయండి. నోట్లో నమలడానికి ఏదో ఒకటి ఉంటేనే నమలడం వస్తుంది. ఎప్పుడూ జావలాంటిదే తిన్న పిల్లలు తర్వాత చిన్న పలుకు తగిలినా ఉమ్మేస్తారు. అయితే ముందు పళ్లు కొరకడానికే. నూరడానికి దవడ పళ్లు కావాలి. వాటిలో మొదటివి ఏడాది దాటాక, రెండోవి రెండేళ్లు, ఆ పైన వస్తాయి. అవి వచ్చాక కూడా నమలడం కుదురుకునేసరికి నాలుగేళ్లు పడుతుంది. అంతవరకూ కొరికిన ముక్కను అలాగే మింగేస్తుంటారు.

ముక్క చిన్నదైతే చాలని చాలామంది అనుకుంటారు. పల్లీ చిన్నదే కదా! చూడాల్సింది ఆకారం, గట్టిదనం. ద్రాక్షపండు నున్నగా, గుండ్రంగా ఉండి శ్వాసనాళంలో సీసాకు బిరడాలా బిగుసుకుంటుంది. దాన్ని అడ్డంగా కోస్తే మళ్లీ గుండ్రటి ముక్కే వస్తుంది. నిలువుగా నాలుగు చీలికలు చేయండి. చెర్రీ టమాటాలూ అంతే. సాసేజ్ అయితే పై తొడుగు తీసి సన్నగా నిలువుగా చీల్చాలి. క్యారెట్ ఉడికించాక బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి చూడండి. సులువుగా నలిగితేనే పెట్టండి. పచ్చి యాపిల్ తురిమి పెట్టొచ్చు. మాంసాన్ని సన్నటి పీచులుగా విడదీయాలి. చేపలో ముళ్లను కళ్లతో చూస్తే సరిపోదు, వేళ్లతో తడిమి తీయాలి.

పల్లీలు, బాదం లాంటివి నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలుగా వద్దు. పల్లీ ఊపిరితిత్తి గొట్టంలోకి జారితే పిల్లవాడు కాసేపు దగ్గి ఊరుకుంటాడు. అందరూ ఆ సంగతి మరిచిపోతారు. కొన్నాళ్లకు దగ్గు, ఆయాసం, ఒకవైపు పిల్లికూతలు మొదలైతే జలుబనుకుంటారు. ఎక్స్‌రేలో పల్లీ కనపడకపోవచ్చు. చివరికి బ్రాంకోస్కోపీ (సన్నటి గొట్టాన్ని శ్వాసనాళంలోకి పంపి చూడటం) చేసి తీయాల్సి వస్తుంది. దగ్గు ఎన్నాళ్లకూ తగ్గకపోతే, ఎప్పుడైనా తింటూ పొరబోయిందేమో గుర్తు చేసుకుని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పల్లీ రుచి చూపించాలంటే మెత్తటి పేస్టును పల్చగా రాసి పెట్టండి. చెంచాడు పెడితే అదీ గొంతులో అతుక్కుంటుంది. పాప్‌కార్న్, గట్టి చాక్లెట్ బిళ్లలు, చూయింగ్ గమ్ కూడా ఆ వయసు వరకు దూరమే.

ఎప్పుడూ కూర్చోబెట్టి, పక్కనే ఉండి తినిపించండి. పరుగెడుతూ, పడుకుని, నవ్వుతూ తింటే మెత్తటిదైనా పొరబోతుంది. పాపను కోప్పడకండి. "అమ్మను అడక్కుండా తమ్ముడి నోట్లో ఏదీ పెట్టకూడదు" అని చెబితే ఆ వయసుకు అర్థమవుతుంది. తన పాప్‌కార్న్ బాబు నిద్రపోయాక తినమనండి.

ఇక అడ్డుపడినప్పుడు: గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. నీళ్లు తాగించొద్దు. దగ్గు, గొంతు రెండూ రాకపోతే అంబులెన్స్‌కు ఫోన్ చేయమని ఎవరికైనా చెప్పి, మీరు బాబును ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి అడుగుభాగంతో (మణికట్టు దగ్గరి భాగంతో) 5 సార్లు గట్టిగా చరచండి. ముక్క బయటికి రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. ముక్క బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఏడాదిలోపు పసివాళ్లకు పొట్ట మీద నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద 5 సార్లు చరిచి, తిప్పి రొమ్ము మధ్యలో 5 సార్లు నొక్కాలి. ముక్క కంటికి కనపడకుండా నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్ (రొమ్ము మీద నొక్కుతూ, నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టాలి. దీన్ని చదివి కాకుండా, బొమ్మ మీద చేసి చూపించే శిక్షణలో నేర్చుకోండి. బాబును చూసుకునే ప్రతి ఒక్కరూ నేర్చుకుంటే మంచిది. పొట్ట మీద నొక్కాల్సి వచ్చిందంటే, ఆ తర్వాత బాగానే ఆడుకుంటున్నా అదే రోజు డాక్టరుకు చూపించండి.