ట్రౌట్ గుడ్లు వస్తున్న క్లాసుకి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

వచ్చే వారం మీ క్లాసుకి, చల్లటి నీటిలో పెరిగే ట్రౌట్ చేప గుడ్లు వస్తున్నాయని రాశావు. ఉత్తరం పొద్దున చదివాను, రోజంతా అదే ధ్యాస. ట్యాంకు, నీటిని చల్లబరిచే చిల్లర్, ఫిల్టరు నువ్వు సరిచూసుకున్నావు కాబట్టి వాటి జోలికి పోను. గుడ్డు చేపపిల్ల అయ్యేదాకా పిల్లలు ఏం చూడాలో, ఏం రాయాలో చెబుతాను.

"ఫలానా తారీఖుకి పిల్లలవుతాయి" అని మాత్రం ముందే చెప్పకు. మొదటి ఏడాది నేను చెప్పాను. నీళ్లు అనుకున్నదానికన్నా రెండు డిగ్రీలు వేడెక్కాయి, నేను గమనించలేదు. సెలవు రోజుల్లోనే గుడ్లు పగిలి చేపపిల్లలు బయటికొచ్చేశాయి. సోమవారం గది తెరిస్తే నీటిపైన నురుగు, గుడ్ల బుట్టలో తేలే పెంకు పొరలు కనిపించాయి. నెలరోజులు ఎదురుచూసిన పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

గుడ్డు ఎదుగుదల నీటి వెచ్చదనాన్ని బట్టి సాగుతుంది. అందుకే రోజూ ఒకే వేళకి థర్మామీటర్ చూసి, ఆ రోజు సెల్సియస్ డిగ్రీలని ముందురోజు మొత్తానికి కలిపించు. 10 డిగ్రీల నీటిలో రెయిన్‌బో ట్రౌట్‌కి సుమారు 31 రోజులు పడుతుంది, అంటే మొత్తం 310 దగ్గరికి వస్తుంది. అదే నీటిలో బ్రౌన్ ట్రౌట్‌కి 41 రోజులు. కాబట్టి మీకొచ్చేవి ఏ రకమో ముందు కనుక్కో. క్లాసులకి పంపేది కళ్లు ఏర్పడిన గుడ్లనే, అంతకు ముందు కదిలిస్తే తట్టుకోలేవు. అంటే అవి సగం దారి నడిచే వస్తాయి. అప్పటిదాకా ఎన్ని డిగ్రీలు పోగయ్యాయో గుడ్లు పంపే హ్యాచరీ (చేపపిల్లల కేంద్రం) వాళ్లని అడిగి, ఆ అంకెతోనే మీ లెక్క మొదలుపెట్టు. వాళ్లు రోజూ 32కి పైనున్న ఫారెన్‌హీట్ డిగ్రీలని కూడిన మొత్తం చెబితే, దాన్ని 1.8తో భాగించు.

గుడ్లకి వెలుతురు పడదు. ట్యాంకు చుట్టూ అట్టలు కట్టి, చూసేటప్పుడే కాసేపు తియ్యి. అప్పుడు కూడా తొందరపెట్టకు. నారింజ రంగు పూసలాంటి గుడ్డులో రెండు నల్ల చుక్కలు, ఉన్నట్టుండి లోపలి పిల్ల ఒక్కసారి మెలి తిరుగుతుంది. అది చూసిన పిల్లవాడికి నువ్వు ఇంకేమీ చెప్పక్కర్లేదు, బొమ్మ గియ్యమని పెన్సిల్ ఇవ్వు చాలు.

చచ్చిన గుడ్డు తెల్లగా మారుతుంది. దాన్ని అలాగే వదిలితే బూజు పట్టి పక్క గుడ్లకీ పాకుతుంది, రోజూ డ్రాపర్‌తో తీసెయ్యాలి. ఒక ఏడాది ఒక చిన్నపిల్ల, తన వంతు రోజున తీసిన ఐదు గుడ్లనీ పుస్తకంలో రాయలేదు. అడిగితే "రాస్తే నిజంగా చచ్చిపోయినట్టు అవుతుంది మాస్టారూ" అని ఏడ్చింది. కోప్పడలేదు, పక్కన కూర్చుని ఇద్దరం కలిసి రాశాం. తీసినవి, మిగిలినవి కలిపితే మొదటి రోజు సంఖ్య రావాలని ముందే చెప్పి ఉంచు. చావులు కూడా రాసిన పుస్తకమే పనికొస్తుంది. ఒకేసారి ఎక్కువ పోతే ఆ పేజీ చూసే కారణం వెతుక్కుంటాం.

చేపపిల్లలు బయటపడ్డాక పొట్టకింద సొన సంచి వేలాడుతూ అడుగునే పడి ఉంటాయి. ఇంకో రెండు మూడు వారాలు వాటికి అదే తిండి. భూతద్దం పెట్టిస్తే గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. "ఆకలేస్తుందేమో" అని పిల్లలు నీ ప్రాణం తీస్తారు, లొంగకు. తినని మేత కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా చల్లటి నీటిలో నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు అప్పుడే ముఖ్యం. సంచి దాదాపు కరిగి, సగానికి పైగా పిల్లలు పైకి ఈదుతుంటే చిటికెడు మేత వెయ్యి. అవి పైకొచ్చేది ఒక గుక్క గాలి మింగి గాలితిత్తి నింపుకోవడానికి కూడా. ఆ రోజు ఎన్ని పైకొచ్చాయో గంటగంటకీ లెక్కపెట్టించు.

పెరిగిన చేపపిల్లల్ని ఎక్కడ వదలాలన్నది మత్స్యశాఖ అనుమతితోనే, ఆ కాగితం ఇప్పుడే మొదలుపెట్టు.

మొదటి పిల్ల నీటిపైకి వచ్చిన రోజు మీ డిగ్రీల మొత్తం ఎంతకి చేరిందో నాకు రాయి. నా పాత పుస్తకాలు తీసి పక్కన పెట్టుకుని చూస్తాను.

ఇట్లు,
మీ మాస్టారు