నీ విలన్‌కు ఫ్లాష్‌బ్యాక్ తీసెయ్

నాయనా,

కథ అందింది. వాక్యం బాగుంది, చేయి తిరుగుతోంది. పొగడ్త ఇంతటితో సరి.

నీ కథలో విలన్ పెద్దయ్య ఎనిమిదో పేజీ దాకా దర్జాగా నడిచాడు. అక్కడ ఉన్నట్టుండి చిన్నపిల్లాడైపోయాడు. నాన్నను చెట్టుకు కట్టేసి కొట్టడం, వీడు తలుపు సందులోంచి చూడటం, గుండెలో పగ రగలడం. నాలుగు పేజీలు! నాకు ఒళ్ళు మండింది. ‘విలన్‌కు డెప్త్ కోసం పెట్టాను సార్’ అని ఉత్తరంలో రాశావు. దాన్ని వకాలత్తు పుచ్చుకోవడం అంటారు. పెద్దయ్య అడగకుండానే వాడి తరఫున నువ్వు కోర్టుకెక్కావు. దెబ్బలు తిన్న నాన్నలు మా కాలంలో వీధికి నలుగురుండేవాళ్ళు. వాళ్ళ పిల్లల్లో టీచర్లయినవాళ్ళున్నారు, బెంగళూరుకు పోయి సెక్యూరిటీ గార్డులయినవాళ్ళున్నారు. అందరూ వేటకొడవళ్ళు పట్టలేదు.

ఇప్పుడిదో ఫ్యాషన్. ముందు విలన్ చేత నాలుగు తలలు నరికించాలి, తర్వాత వాడి చిన్నప్పటి కష్టాలు చెప్పి మన చేత కన్నీళ్ళు పెట్టించాలి. దానికి ‘గ్రే షేడ్’ అని పేరు. పోటీల్లో జడ్జీలు కూడా దీనికే పడిపోతున్నారు, ఏంజేసేది.

నన్నడిగితే విలన్‌కు కావలసింది బాల్యం కాదు, బాకీదారులు. వాడి వల్ల ఎవరి పని జరుగుతోంది, వాడు లేకపోతే ఎవరి పొయ్యి వెలగదు, అది రాయి. భారతం తీసుకో. శల్యుడు బయలుదేరింది పాండవుల పక్షాన నిలబడటానికి. నకుల సహదేవులకు సొంత మేనమామ. దుర్యోధనుడు ఏం చేశాడు? దారి పొడుగునా విడిదులు కట్టించి, విందులు పెట్టించాడు. ఇదంతా ధర్మరాజు ఏర్పాటే అనుకుని శల్యుడు కడుపారా తిన్నాడు. తీరా తెలిశాక మాట ఇవ్వక తప్పలేదు, అవతలి పక్షానికి పోక తప్పలేదు. కత్తి దూయలేదు, కళ్ళెర్రజేయలేదు, అన్నం పెట్టాడంతే. దుర్యోధనుడంటే నాకు భయం వేసేది ఇక్కడే.

కీచకుడూ అంతే. 1885లో మన కడప జిల్లా సురభిలో మొదలైన సురభి నాటకాల మొదటి ఆట కీచకవధే. ఆ కథలో కీచకుడి మీద కంటే విరాటుడి మీద కన్నుంచు. నిండు సభలో వాడు ద్రౌపదిని తన్నితే రాజు నోరు ఎందుకు పెగల్లేదు? వాడు బామ్మర్ది, పైగా సేనాపతి. వాడి భుజాల మీదే రాజ్యం నిలబడింది. అక్క సుదేష్ణ సంగతి చెప్పనే అక్కర్లేదు. కల్లు తెమ్మనే నెపంతో ద్రౌపదిని వాడి ఇంటికి పంపింది ఆమే. కీచకుణ్ణి వంద పద్యాల్లో తిట్టినా రానంత బరువు ఈ ఇద్దరి వల్ల వచ్చింది.

వయసులో ఉన్నప్పుడు నేను అనంతపురంలో ఒక శెనక్కాయల మండీలో గుమాస్తాగా చేశాను. రైతు మూట విప్పగానే మా యజమాని ఒక కాయ తీసి బొటనవేలితో చిట్లించి, పప్పు నోట్లో వేసుకుని ‘తేమ ఉందిరా’ అనేవాడు. ఆ ఒక్క మాటతో మూటకింత తరుగు పోయేది. అలాంటివాడు ఒక రాత్రి, కూతురికి పురుడు కష్టమైందని రైతు పరిగెత్తుకొస్తే, చొక్కా జేబులో ఉన్న డబ్బంతా లెక్కపెట్టకుండా చేతిలో పెట్టాడు. ‘ముందు ఆస్పత్రికి పో’ అన్నాడు. ఆ రాత్రి చిట్టా తెరవలేదు. తెల్లారాక నన్ను పిలిచి రాయించాడు. మొత్తం ఎంతో వాడికి గుర్తుంది. వడ్డీ రాత్రి నుంచే మొదలు. ఆ రైతు ఉన్నన్నాళ్ళూ మా యజమానిని దేవుడనే చెప్పుకున్నాడు. ఏటా కాయ కూడా ఆ మండీకే తోలాడు.

దాన్ని కథ చేసి పంపితే ఒక ఎడిటరు ఏమని తిప్పి పంపాడో తెలుసా? ‘సీమ కథ అన్నారు, బాంబులేవండీ?’ అని. వాళ్ళకు కర్నూలంటే కొండారెడ్డి బురుజు దగ్గర ఛేజింగు, కడపంటే సుమోలు. నీ కథలో మూడు సుమోలున్నాయి. ఎవరి కోసం పెట్టావు అవి? మీ ఊళ్ళో ఎన్ని చూశావు?

ఇంత రాయడానికి అసలు కారణం నీ ఐదో పేజీ. పెద్దయ్య ఎవడి రెండెకరాలు తన పేర రాయించుకున్నాడో, ఆ మనిషికే హోటల్లో టీ చెప్పించాడు. ఆ మనిషి వద్దనలేదు. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. రెండే వాక్యాలు రాసి దాటిపోయావు. నేను దాటలేకపోయాను. మా ఆవిడకు చదివి వినిపిస్తే, ‘తాగక ఏంజేస్తాడు, రేపు కూతురి పెళ్ళికి వాడే కదా దిక్కు’ అనింది. చూశావా, నువ్వు వదిలేసిన కథ ఆమెకు ఎంత తొందరగా దొరికిందో. ఆ ఫ్లాష్‌బ్యాక్ నాలుగు పేజీలూ కొట్టెయ్. ఆ హోటల్లో కూర్చో. టీ డబ్బులు ఎవరిచ్చారు, పక్క బల్ల వాళ్ళు తల తిప్పుకున్నారా, లేక ‘పెద్దయ్యా, మాకూ ఒకటి చెప్పు’ అన్నారా, అన్నీ రాయి. పెద్దయ్యకు ఆ మనిషంటే నిజంగా అభిమానమే అయ్యుంటే? పొలం లాక్కున్నవాడికి అభిమానం ఉండకూడదని ఎక్కడుంది? ఆ సంగతి తేల్చకు, అట్లే వదిలెయ్.

చివర్లో వాణ్ణి చంపాలా వద్దా అని అడిగావు. ముందు బతికించు, తర్వాత చూద్దాం. ఏ పత్రికకు పంపాలన్న దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పను.

తిరగరాశాక ఫోనుకు పంపొద్దు. అక్షరం పెద్దది చేస్తే వాక్యం సగం తెర బయటికి పోతోంది. ప్రింటు తీయించి, పక్కన ఖాళీ వదిలి, పోస్టులో పంపు.