పాలజ్వరం కాదు, పాము కాటేమో చూడండి

ప్రశ్న: మా గేదె ఈని ఐదు నెలలైంది. రాత్రి మేత బాగానే తింది, తెల్లారేసరికి లేవలేకపోతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి, నోట్లోంచి చొంగ కారుతోంది. చెవులు వెచ్చగానే ఉన్నాయి. పాలజ్వరమని షాపులో చెబితే రెండు కాల్షియం సీసాలు ఎక్కించి, నోట్లో టానిక్ పోశాం. గుణం లేదు, పైగా దగ్గుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు పశువుల డాక్టరుకు ఫోన్ చేసి పాము కాటు అనుమానమని చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. పాలజ్వరం, అంటే ఒంట్లో కాల్షియం పడిపోయే జబ్బు, ఎక్కువగా ఈనిన రెండు మూడు రోజుల్లోపే వస్తుంది, అందులో చెవులు చల్లబడతాయి. మీరు రాసినదాన్ని బట్టి నాకు నాగుపాము గానీ కట్లపాము గానీ అనిపిస్తోంది. కాటు గుర్తు లేదు కదా అనకండి, కట్లపాము కాటుకు వాపు, నొప్పి దాదాపు ఉండవు, బొచ్చులో గాటు దొరకడమూ కష్టమే.

నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెళ్లి తగిలితేనే కండ ముడుచుకుంటుంది. కరెంటు ఉంది, మోటారూ బాగుంది, మధ్యలో స్టార్టర్ పట్టడం లేదు, మీ గేదె పరిస్థితి అదీ. నాగు విషం కండ వైపు తిష్ఠవేసి ఆ రసాయనాన్ని అందనివ్వదు. కట్లపాముది ఇంకా మొండి విషం, నరం కొసనే పాడుచేస్తుంది, అది బాగుపడడానికి రోజులు పడుతుంది. ముందు రెప్పలు, నాలుక, గొంతు, తర్వాత కాళ్లు, చివరికి ఊపిరి తీయించే కండలు పడిపోతాయి. పశువుకు తెలివి మాత్రం ఉంటుంది. వీపు మీద ఈగ వాలినా తెలుస్తుంది, తోలుకోవడానికి తోక లేవదు.

విషవిరుగుడు ఇంజక్షన్ రక్తంలో తిరిగే విషాన్నే పట్టగలదు, అందుకే ఆలస్యం వద్దనేది. పెద్ద పశువుకు మొదటి విడత 5 నుంచి 10 వయల్స్ (ఒక్కోటి 10 మి.లీ.), 500 మి.లీ. సెలైన్‌లో కలిపి గంటసేపు రక్తనాళంలోకి ఎక్కించాలి. దూడ చిన్నదని డోసు తగ్గించకూడదు, పాము వదిలిన విషం అంతే కదా. ఆ మందు పడక వణుకు, దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి 50 కిలోల బరువుకు 1 మి.లీ. చొప్పున అడ్రినలిన్ (1:1000) కండకు ఇస్తారు. నాగు కాటైతే అట్రోపిన్‌తో పాటు, అసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలిపే నియోస్టిగ్మిన్ కూడా పనిచేస్తుంది, కట్లపాముకు పెద్దగా లాభం లేదు. ఇవన్నీ డాక్టరు చేతుల మీదుగానే జరగాలి.

ఇక నన్ను మండించేది ఆ టానిక్. గొంతు పడిపోయిన పశువుకు నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది, ఆ దగ్గు అందుకే. అమ్మినవాడు గేదెను చూశాడా? కాల్షియం కూడా, గబగబా ఎక్కిస్తే గుండె ఆగుతుంది. నీళ్లతో సహా ఏదీ నోట్లో పోయకండి. కాటు అనుకున్న చోట కోయడం, బిగించి కట్టడం వద్దు. రొమ్ము మీద కూర్చోబెట్టి పక్కన గోతాలు పెట్టండి, చొంగ బయటికి కారేలా మూతి కిందికి ఉంచండి. ఒట్టి చేతులు నోట్లో పెట్టొద్దు, రేబిస్‌లోనూ చొంగ ఇలాగే కారుతుంది. ఇప్పటికే పెట్టి ఉంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. టానిక్ పోసిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి, న్యుమోనియాకు మందు ఇవాళే మొదలుపెట్టాల్సి రావచ్చు.