నాలా పక్క ఇళ్లు తీసేస్తామంటున్నారు, లీడర్‌కు డబ్బులు ఇవ్వాలా?

నాలా వెడల్పు పేరుతో మీ అరవై ఇళ్లు తీసేస్తారని, ఇంటికి రెండు వేలిస్తే పట్టా ఇప్పించి ఆపిస్తానని ఒక లీడర్ అంటున్నాడని రాశావు కదా తమ్మీ. ఇవ్వకు. మేం ఇచ్చి చూశాం.

హన్మకొండలో మాదీ నాలా ఒడ్డు బస్తీనే. 2020 ఆగస్టు వానలకు నీళ్లు మంచాల దాకా వచ్చాయి, ఆ తర్వాత ఎవరో వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసిపోయారు, ఇక చూడు టెన్షన్. మా పెద్దమనిషి కూడా పట్టా అనే అన్నాడు. సర్కారు జాగాలో ఇల్లు కట్టుకున్న పేదలకు జీవో 58 అనే తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వు కింద 125 గజాల దాకా ఉచితంగా పట్టాలిచ్చింది నిజమే, కానీ నాలా, చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) జాగాలకు అది వర్తించదు. ఆ సంగతి మాకు డబ్బు పోయాక తెలిసింది.

అప్పుడు బీడీలు చుట్టే ఒక అక్క ఇల్లిల్లూ తిరిగి పాత కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, పిల్లల టీసీలు అన్నీ పోగుచేయించింది. పన్ను కట్టినంత మాత్రాన జాగా మనది కాదు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నామో మాత్రం చెబుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి అందరం ఒకే అర్జీ మీద సంతకాలు చేసి పోయాం, అదొక తెలివితక్కువ పని. ఒక అర్జీకి ఒకటే రసీదు, అది ఎవరి జేబులో ఉంటే వాడే మళ్లీ లీడర్! తర్వాతి వారం ఇంటికో అర్జీ, ఇంటికో రసీదు, అదీ ఆడవాళ్ల పేరు మీద. ఎందుకంటే ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

అసలు పని చేసింది సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ పెడితే అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నాలా సర్వే స్కెచ్, వెడల్పు ఎన్ని మీటర్లు, ఏ ఇంటి నంబర్లు పోతాయి, ఈ మూడే అడిగాం. నలభై రెండు ఇళ్లకు ఎర్ర రంగు వేస్తే స్కెచ్‌లో పంతొమ్మిదే ఉన్నాయి.

2024 నవంబరులో సుప్రీంకోర్టు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న తీర్పు వాట్సాప్‌లో తిరుగుతోంది కానీ, రోడ్లు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల దగ్గర అనుమతి లేకుండా కట్టినవాటికి వర్తించదని అందులోనే ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చోకు, ముందే లాయర్‌ను కలువు.

మా ఇరవై మూడు ఇళ్లు నిలబడ్డాయి. మిగతా పంతొమ్మిది మందికి వేరేచోట ఇళ్లు కావాలని ఇప్పటికీ సోమవారం సోమవారం తిరుగుతూనే ఉన్నాం. ఆ రెండు వేలు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.